కోటలోకి పోని ఓబుళేశు మామ

మా ఓబుళేశు మామ ఏ పని మీద బయల్దేరినా ఆ పని మాత్రం చేయడు. దాని పక్కన ఇంకేదైనా చిన్న పని కనబడితే అక్కడే మకాం పెట్టేస్తాడు. అసలంటే గిట్టదు, కొసరంటే ప్రాణం. ఇలాంటి మనిషి మా వంశంలో ఒక్కడే పుట్టాడు. ఇంకో ఇద్దరు పుట్టి ఉంటే మా ఇళ్లలో ఒక్క శుభకార్యమూ ముగిసేది కాదు.

ఒకసారి ఇంటిల్లిపాదీ మహానందికి పోయాం. మామ అందరికంటే ముందు జీపు దిగి, పంచె సర్దుకుని, గుడి వైపు నడిచాడు. దారిలో రింగులు విసిరే అంగడి ఉంది. రింగు ఏ వస్తువు మీద పడితే ఆ వస్తువు మనది. మేం దర్శనం చేసుకుని, ప్రసాదం తిని వెనక్కి వచ్చేసరికి మామ చంకలో సబ్బులు, పౌడరు డబ్బా, ఒక ప్లాస్టిక్ చిలక ఉన్నాయి.

"దర్శనం చేసుకుంటివా?" అంది మా లక్ష్మీదేవమ్మత్త.

"దేవుడు యాడికి పోతాడే. ఈ అంగడాయప్ప పొద్దుగూకక ముందే మూసేస్తాడంట," అన్నాడు మామ.

ఎన్నికలనాడు ఓటేయడానికి పోయినవాడు, దారిలో ఎవరో పెట్టిన చలివేంద్రం దగ్గర ఆగి, మజ్జిగ పోసే ముసలాయన కాస్త కూర్చుంటానంటే గంటె అందుకున్నాడు. ఊరందరికీ పోశాడు. అందరూ ఓటేసి వచ్చారు, పోలింగు అయిపోయింది, మామ వేలికి సిరా అంటలేదు. రెండు పార్టీలవాళ్లూ ఆయన తమవాడే అనుకున్నారు.

నా పెళ్లికి మేనమామ కదా, నా పక్కన ఉండాలి. పురోహితుడు "మేనమామ గారు ఎక్కడ?" అని మైకులో పిలుస్తూనే ఉన్నాడు. ఆయన వెనక వంటశాలలో ఓళిగలు ఒత్తే ఆడవాళ్లతో ఎవరివి పలుచగా వస్తాయో అని పందెం వేసుకుని కూర్చున్నాడు. పెళ్లి ఫొటోలన్నిటిలో మామ ఒక్కదాంట్లో ఉన్నాడు, అదీ రెండు చేతులకూ పిండితో.

అలాంటి మనిషిని మేం ఆటను పరీక్షించే పనికి పెట్టుకున్నాం. పెట్టుకున్నాం అనడానికీ లేదు. కర్నూలులో మా ఆఫీసు ఆయన మిద్దె మీదే. కింద ఆయన ఇల్లు, పైన మేం. మెట్లెక్కి రావడానికి ఆయనకు ఎవరి పిలుపూ అక్కరలేదు.

పైన నేను, నాతో చదువుకున్న కడప అమ్మాయి మధులత, బొమ్మలు గీసే క్రాంతి కుమార్ కలిసి ఒక ఆన్‌లైన్ ఆట తయారుచేస్తున్నాం. పేరు 'రాతికోట'. ఎక్కడెక్కడివాళ్లో తమ ఫోన్లలోంచి ఒకే లోకంలోకి వస్తారు. ఒకరు విలుకాడి వేషం కడతారు, ఒకరు వైద్యురాలి వేషం. జట్టుగా కోటలోకి దూరి, గది తర్వాత గది దాటి, చివరన ఉన్న బండాసురుడనే రాక్షసుణ్ణి చంపాలి. ఓర్వకల్లు రాతిగుట్టలను ఎండలో తిరిగి చూసి క్రాంతి గీసిన కోట అది. దాని ముందు నిలబడితే ఫోన్లోనే ఒళ్లు జలదరించేది.

కోట వాకిలి బయట ఒక బండ ఉంది. జట్టు కుదిరేదాకా ఊరికే నిలబడాలంటే విసుగు కదా అని మధులత ఆ బండ మీద పులిజూదం గీసింది. ఒకరివి పులులు, ఒకరివి మేకలు. పులి మేకను దూకి తింటుంది. మేకలు చుట్టూ చేరి పులిని కదలకుండా కట్టేయాలి. బస్సు వచ్చేదాకా శనక్కాయలు నమిలినట్టు కాసేపు కాలక్షేపం. మా దృష్టిలో దాని విలువ అంతే.

ఆట ఒక రూపానికి వచ్చిన రోజు మామ పైకి వచ్చాడు.

"ఏం చేస్తాండారప్పా అందరూ?"

"ఆట మామా. కాసేపు ఆడి ఎట్లుందో చెప్పు," అని ఫోన్ చేతిలో పెట్టాను.

సాయంత్రం వరకు తల ఎత్తలేదు. మాకు లోపల సంబరంగా ఉంది. చివరికి ఆగలేక అడిగాను.

"కోట ఎట్లుంది మామా?"

"కోట యాడుండాది?"

"నీ ఎనకనే ఉంది. ఆకాశమంత ఎత్తున."

మామ వేషాన్ని వెనక్కి తిప్పి చూశాడు. "అదా. ఏందో గోడ అనుకుంటి. నీడ బాగుండాదిలే, కూచోనీకి," అని మళ్లీ బండ వైపు తిరిగి మేకను జరిపాడు. క్రాంతి కుమార్ ఆ రోజు అన్నం తినలేదు.

ఆట జనంలోకి పోయింది. మామ కూడా పోయాడు. పొద్దున కాఫీ తాగి బండ దగ్గర కూర్చుంటే భోజనానికి అత్త మూడుసార్లు పిలవాలి. ఆటలో చేరిన ప్రతివాడికీ మేం ఒక కత్తి ఇస్తాం. మామ దాన్ని తెచ్చి క్రాంతికి చూపించి, "ఇది కూచుంటే గుచ్చుకుంటాంది. తీసేసి ఒక టవలు గీయి నాయనా, భుజం మీదికి," అన్నాడు. క్రాంతి ముందు ఒప్పుకోలేదు. మామ రోజూ అడిగాడు. ఆ ఆటలో ఆయుధం లేకుండా టవలుతో తిరిగే వీరుడు ఆయనొక్కడే.

ఇంత ప్రేమగా ఆడేవాడు బాగా ఆడతాడని ఎవరైనా అనుకుంటారు. మామ ఓడిపోయేవాడు. పులులు తీసుకున్నా ఓటమే, మేకలు తీసుకున్నా ఓటమే. గెలుపోటముల పట్టికలో ఆయన పేరు చూడాలంటే వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరపాలి. ఓడిన ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు.

"ఓడిపోతినప్పా. నన్నే గెల్చినావంటే ఇంగ ఆ రాక్షసుడెంత. పో, లోపలికి పో."

"ఇన్ని ఆటలు ఆడినారు గదా అంకుల్. రవ్వంతన్నా నేర్చుకోలేదా?" అని మధులత ఒకరోజు అడిగేసింది.

"నాకు బుర్ర తక్కువ పాపా," అని మామ సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఆడుతూ మాట్లాడుకునే వీలుంది కాబట్టి మిద్దె మీద పొద్దస్తమానం మామ గొంతు వినబడేది. తుమ్మలపల్లె గనిలో పనిచేసే గోపన్న అనే ఆయన షిఫ్టు దిగగానే వచ్చేవాడు.

"ఏం గోపన్నా, బువ్వ తింటివా?"

"తింటి మామా. ఈ పొద్దు పులులు నాకు."

"తీసుకోప్పా, నీకన్నానా. నీ కూతురి చెవి నొప్పి తగ్గినాదా?"

ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరి ఊళ్లో వాన పడిందో, ఎవరి బోరులో నీళ్లు అడుగంటాయో మామకు తెలుసు. బండాసురుడు ఎలా ఉంటాడో మాత్రం తెలియదు.

కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత జనం పలచబడడం మొదలైంది. కొత్తవాళ్లు వస్తున్నారు గానీ పాతవాళ్లు నిలవడం లేదు. మా ఆటకు పెట్టుబడి పెట్టిన భూపేష్ బెంగుళూరు నుంచి ఫోన్ చేశాడు. వీడియోలో కూడా నవ్వని మనిషి ఆయన.

"అవినాష్, మీ ఆటలోకి వచ్చినవాళ్లలో సగం మంది కోటలోకి పోకుండా ఆ బండ దగ్గరే కూర్చుంటున్నారు, చూశారా? మీరు చేసింది యుద్ధం ఆటా, రచ్చబండా?"

"జట్టు కోసం ఎదురుచూసే చోటు సర్ అది."

"అందుకే అంటున్నాను. కూర్చునే చోటుంటే కూర్చుంటారు. అసలు ఆట రుచి చూడకుండానే విసుగొచ్చి వెళ్లిపోతారు. ఆ చిల్లర ఆట తీసేయండి, అందరూ లోపలికి పోతారు. ఈ సీజన్ చివరికి కూడా జనం పెరగకపోతే నేను తప్పుకుంటాను."

ఆయన తప్పుకుంటే మా ఆఫీసు ఉండదు. మధులత బెంగుళూరులో ఉద్యోగం వెతుక్కోవాలి, క్రాంతి పెళ్లి ఆల్బమ్‌లు చేసుకోవాలి. అయినా మధులత ఒప్పుకోలేదు.

"పెద్ద ఆటలో ఓడిపోయినోళ్లు కాసేపు కూచోడానికి చిన్న ఆట ఉండాల. లేకుంటే అట్నుంచి అటే ఇంటికి పోతారు," అంది.

నాకు భూపేష్ మాటే సబబుగా తోచింది. చిల్లర పనులకు అతుక్కుపోతే ఏమవుతుందో చిన్నప్పటి నుంచి మా ఇంట్లోనే చూస్తున్నాను కదా. బండ తీసేశాం.

మర్నాడు మామ ఫోన్ పట్టుకుని పైకి వచ్చాడు. "అల్లుడా, నా బండ యాడ?"

"తీసేసినాం మామా. అందరూ కోటలోకి పోవాలని."

"అట్లనా," అన్నాడు. కోప్పడలేదు. దిగి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మధులత నన్ను పిలిచి తెర చూపించింది. కోట వాకిలి ముందు, బండ ఉండాల్సిన చోట, భుజాన టవలుతో మామ వేషం ఒంటరిగా ఎండలో నిలబడి ఉంది. నేను కిందికి పోయి అడిగాను.

"ఏం చేస్తాండావు మామా ఆడ?"

"గోపన్న షిఫ్టు దిగే యాళప్పా. ఆయప్ప వచ్చి బండా లేక నేనూ లేకుంటే ఏమనుకుంటాడు? ఒక మాట చెప్పేసి వస్తా."

గోపన్నకు చెప్పాడు. తర్వాత ఇంకెవరో వచ్చారు, వాళ్లకూ చెప్పాడు. అలా వచ్చినవాళ్లందరికీ చెప్పడమే మామకు కొత్త కొసరు పని అయింది.

బండ తీస్తే జనం లోపలికి పోతారన్న లెక్క తలకిందులైంది. బండ లేదని తెలిసినవాళ్లు ఆటే మానేశారు. మాకు సందేశాలు రావడం మొదలైంది. విచిత్రం ఏమిటంటే వాటిలో ఆట గురించి ఒక్క ముక్క లేదు. 'మామ బాగున్నాడా?' 'టవలాయన మళ్లీ ఎప్పుడు ఆడతాడు?' 'మామను గెలవకుండా నేను కోటలోకి పోను, నాకు కలిసిరాదు.'

ఎమ్మిగనూరు దగ్గరి పల్లెటూరు నుంచి శివజ్యోతి అనే అమ్మాయి గొంతు రికార్డు చేసి పంపింది. మధులత గట్టిగా పెట్టింది, అందరం విన్నాం.

"అన్నా, నేను టీచరు పరీక్షకు చదువుతాండా. ఇంతకుముందు పోయినాది. దుడ్లు కట్టి కోచింగుకు పంపినారని ఇంట్లో రోజూ ఎత్తిపొడుస్తారు. పొద్దున లేసి ఓబుళేశు మామను ఒక్క ఆట ఓడిస్తే పుస్తకం పట్టుకోబుద్దయితాది. ఆ బండ మళ్లా పెట్టండన్నా. మామతో నేను ఇంతవరకు ఓడిపోలేదు."

"నేనూ ఓడిపోలేదని గోపన్న రాసినాడు," అంది మధులత కనుబొమలు ముడిచి. "ఇదో, ఈయన కూడా. వీళ్లందరూ మొదటిరోజే గెలిచినారు. అదెట్ల?"

"మామ అంత అధ్వాన్నంగా ఆడతాడు," అన్నాను.

భూపేష్‌కు సందేశాలన్నీ పంపాం. ఆయన నమ్మలేదు. ఆ చిల్లర ఆటలో ఏముందో స్వయంగా చూస్తానని ఉదయం విమానంలో ఓర్వకల్లులో దిగి, సాయంత్రం విమానానికి తిరుగు టికెట్ పెట్టుకుని కర్నూలు వచ్చాడు. ఆయన కోసం బండ మళ్లీ పెట్టాం. ఎదురుగా మామను కూర్చోబెట్టాం. చేతిలో ఫోన్లు ఉన్నా ఇద్దరూ మా ఆఫీసులో ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు.

"ఏమప్పా, మీది యా ఊరు?" అన్నాడు మామ.

"బెంగుళూరు."

"భోంచేసినారా?"

"టైమ్ లేదండీ. మొదలుపెడదాం," అన్నాడు భూపేష్, గడియారం చూసుకుని.

భూపేష్ పులులు తీసుకున్నాడు. మొదట్లో విసుగ్గా వేలు జరిపాడు. మామ మేకలు ఒక్కటొక్కటే వచ్చి చుట్టూ చేరుతుంటే ముందుకు వంగాడు. కాసేపటికి కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. మామ వెనకాల నిలబడి నేను చూస్తున్నాను. రెండు పులులు కట్టుబడిపోయాయి. మూడోదానికి ఒకే ఒక్క సందు మిగిలింది. అక్కడ మేకను పెడితే ఆట ముగిసిపోతుంది. మామ వేలు సరిగ్గా ఆ సందు మీదికే పోయింది.

అక్కడ ఆగింది. మామ తల ఎత్తి భూపేష్ ముఖం చూశాడు. ఆ ముఖం పరీక్ష ఫలితాల కోసం నిలబడినవాడిలా ఉంది. మామ వేలు నెమ్మదిగా పక్కకు జరిగి, ఎందుకూ పనికిరాని ఇంకో మూల మేకను పెట్టింది.

"అయ్యయ్యో, చూసుకోలేదే," అన్నాడు మామ.

భూపేష్ పులి దూకింది. మళ్లీ దూకింది. మేకల కట్ట చెదిరిపోయింది. వీడియోలో ఎన్నడూ నవ్వని మనిషి బల్ల మీద చేత్తో కొట్టి పకపకా నవ్వాడు.

"ఓడిపోతినప్పా. నన్నే గెల్చినావంటే..." అని మామ మొదలుపెట్టాడు.

"ఇంకొక ఆట," అన్నాడు భూపేష్.

ఇంకొకటి అయింది, దాని తర్వాత ఇంకొకటి. నడుమ అత్త ఉగ్గాని, బజ్జీలు పంపితే ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఆడాడు. మామను గెలిచిన ఊపులో కోటలోకి దూరి, మూడు గదులు దాటి, చచ్చి, మళ్లీ బండ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. విమానం సంగతి ఆయనకు గుర్తొచ్చేసరికి అది ఓర్వకల్లు గుట్టలు దాటి పోయింది. కారు మాట్లాడి పంపించాం. దారిలోంచి ఫోన్ చేశాడు.

"ఆ బండ తీయకండి," అన్నాడు. కాస్త ఆగి, "రేపు ఆయన ఎప్పుడు కూర్చుంటారు?" అని అడిగాడు.

ఫోన్ పెట్టేసి నేను నేరుగా మామ దగ్గరికి పోయాను.

"మామా, ఆ మేకను సందులో పెట్టింటే పులి కట్టుబడేది. నేను చూసినా."

"నువ్వెందుకు చూసినావు? నీకేం పనిలేదా?"

"ఇన్నాళ్లూ అందరితో కావాలనే ఓడిపోయినావా?"

మామ దొంగతనంలో దొరికినవాడిలా టవలుతో ముఖం తుడుచుకున్నాడు.

"అట్ల కాదు అల్లుడా. కొత్తగా వచ్చినోడు ఆ కోటను చూసి బెదిరిపోయి బయట నిలబడింటాడు. లోపల రాక్షసుడు కొడతాడు, సరే, ఆయప్ప పనే అది. బయట కూచున్న నేను గూడా కొడితే ఆ పిల్లోడు ఇంగ యాడికి పోవల్ల? ఇంటికి పోతాడు. ఒక్కటి గెలిస్తే ఛాతి విరుచుకోని లోపలికి పోతాడు. ఓడిపోయి వచ్చినా మళ్లా నా కాడ ఒకటి గెలుచుకోని పోతాడు. నాకేం ఖర్చు దాంట్లో?"

"గోపన్న కొత్తవాడు కాదు కదా."

"ఆయప్ప దినమంతా భూమి లోపల పనిచేసి వస్తాడు. ఇంటికి నవ్వుకుంటా పోతే మంచిది కాదా?"

"మరి శివజ్యోతి?"

"ఆ పాపకు ముందర పరీక్ష ఉండాది. అది కానీ. అయిన మర్నాడే ఓడగొడతా, చూడు," అన్నాడు మామ పట్టుదలగా.

మధులత ఆ వారమంతా కూర్చుని లెక్కలు తీసింది. కోటలో ఎక్కువ దూరం పోయినవాళ్లు, ఎక్కువ కాలం నిలిచినవాళ్లు దాదాపు అందరూ ముందు బండ దగ్గర మామను ఓడించి పోయినవాళ్లే. చిన్న ఆటలుంటే జనం నిలుస్తారా లేదా అని ఇప్పుడు ఎవరైనా మమ్మల్ని అడిగితే, నిలుస్తారనే చెప్తాం. ఎదురుగా ఎవరు కూర్చున్నారో కూడా చూసుకోమంటాం. సీజన్ ముగిసింది, భూపేష్ తప్పుకోలేదు. పైగా క్రాంతి కుమార్‌ను తనకూ ఒక టవలు గీయమన్నాడు.

ఆదివారం భోజనానికి అత్త నన్ను కిందికి పిలిచింది. తిన్నాక నాకు పట్టుదల వచ్చింది.

"మామా, నాతో ఒక్క ఆట నిజంగా ఆడు. దయ చూపొద్దు."

"వద్దులే అల్లుడా."

"ఆడాల్సిందే."

ఆడాడు. నా పులులు లేచి నిలబడే లోపే కట్టుబడిపోయాయి. మేకలు తీసుకుంటే ఒక్కటీ మిగల్లేదు. ఫోన్ పక్కన పడేశాను.

"చూసినావా? మళ్లా ఆడబుద్దయితాందా నీకు?" అన్నాడు మామ.

లేదన్నాను. కాస్త కోపం తగ్గాక అడిగాను. "నువ్వు నిజంగా ఎవరి చేతిలోనైనా ఓడిపోయినావా ఎప్పుడైనా?"

మామ వంటింటి వైపు చూశాడు. అత్త చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"జరుగు నువ్వు," అని నన్ను పక్కకు తోసి కూర్చుని ఫోన్ అందుకుంది. మామ పంచె బిగించాడు. ఊపిరి బిగపట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది. పొయ్యి మీద పాలు పొంగక ముందే ఆట ముగించి అత్త లేచింది.

"పెండ్లిచూపులనాడు గూడా ఇంతే," అన్నాడు మామ దీనంగా. "శానా గట్టిగానే ఆడినా."

"గొప్ప పెండ్లిచూపులు," అంది అత్త. "పిల్లను చూడనీకి వచ్చి మా అవ్వతో పులిజూదానికి కూచున్నాడు. తల ఎత్తితేనా. నేనే పోయి, అవ్వను లేపి, ఎదురుగా కూచుంటి. లేకుంటే ఈయప్ప పెండ్లి కూడా చేసుకోకుండానే పోయుండు." వంటింట్లోకి పోబోతూ ఆగింది. "రేయ్ అవినాషూ, నా ఫోన్లో గూడా ఆ ఆట పెట్టియ్యి. ఆ పిల్లోళ్లతో నేనూ ఆడతా."

ఆమె లోపలికి పోయేదాకా ఆగి మామ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఈమెను బండ కాడికి మాత్రం రానీయొద్దు నాయనా. ఒక్కడు గూడా మిగలడు. నేరుగా కోటలోకి పంపు."

"మరి బండాసురుడు, మామా?"

మామ ఆ రాక్షసుణ్ణి ఇంతవరకు ఒక్కసారి కూడా చూడలేదు. అయినా కాసేపు నిజంగానే జాలిపడ్డాడు.

"వాని కర్మప్పా," అన్నాడు.